బి సైడులో మామ్మ

2024 సంక్రాంతికి ఊరెళ్లాను. కనుమనాడు భోజనాలయ్యాక, అరుగు మీద మడతకుర్చీలో కూర్చున్న నాన్న నన్ను పిలిచి ఓ పాత బిస్కట్ల డబ్బా చేతిలో పెట్టారు. మూత తీస్తే గుప్పుమని కలరా ఉండల వాసన. లోపల ఆరు కేసెట్లు.

‘‘వీటిని సెల్లులోకి ఎక్కించి పెట్టమ్మలూ. తొందరేం లేదు, వీలున్నప్పుడే’’ అన్నారు.

నాన్నకు డెబ్భై దాటాయి. ఆయన ‘తొందరేం లేదు’ అన్నారంటే ఉన్నట్టే లెక్క. ఒక్కో కేసెట్టూ తీసి చూశాను. రెండు భక్తిపాటలు, మూడు సినిమా పాటలు. ఆరోదాని మీద నీలం ఇంకుతో నాన్న చేతిరాత... ‘అమ్మ - 94’.

గుండె గుభేల్మంది. ఎందుకంటే దాదాపు ఇరవయ్యేడేళ్ల క్రితం ఆ కేసెట్ మీద నేనో ఘనకార్యం చేశాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదన్న ధైర్యంతోనే ఇన్నాళ్లూ గడిపేశాను.

* * *

గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు లేని వీధి మా కోనసీమలో అరుదు. నాన్న 1989లో మస్కట్ వెళ్లారు, ఏసీ మెకానిక్కుగా. అప్పటికి నాకు ఏడాది. ఫోన్లో మాట్లాడాలంటే పెద్ద తతంగం. ఫలానా ఆదివారం ఫలానా టైముకి ఎస్టీడీ బూతు దగ్గర ఉండమని నాన్న ముందుగా ఉత్తరం రాయాలి. ఆ టైముకి మేమంతా తలలు దువ్వుకుని, ఆయనకేదో కనిపిస్తామన్నట్టు తయారై వెళ్లాలి. తీరా లైను కలిశాక ‘బాగున్నారా... బాగున్నాం... బాగున్నారా’ అనుకునేలోపే డబ్బులు అయిపోయేవి.

ఇక ఉత్తరాలు. మామ్మకు, అంటే నాన్న వాళ్లమ్మకు, చదువు రాదు. ఆమె చెబుతుంటే అమ్మ రాసేది. అయితే మామ్మ చెప్పేవాటిలో సగం అమ్మ మీద ఫిర్యాదులే. అవి ఎలాగూ కాగితం మీదకు వచ్చేవి కావు! ఆ బాధ భరించలేకేమో, నాన్న మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు జపాన్ టూ-ఇన్-వన్ తెచ్చి మామ్మ మంచం పక్కన పెట్టారు. అప్పటి నుంచీ కేసెట్ ఉత్తరాలు మొదలయ్యాయి. ఎర్ర బటన్ నొక్కి అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది. మామ్మ తీరిగ్గా మంచం మీద కూర్చుని కొడుకుతో కబుర్లు చెప్పేది. ఊళ్లోంచి ఎవరైనా మస్కట్ వెళ్తుంటే ఆవకాయ, పూతరేకులు, మామిడితాండ్రతోపాటు ఆ కేసెట్టూ వెళ్లేది. నాన్న విని, దాని మీదే తన మాటలు రికార్డు చేసి తిప్పి పంపేవారు. అలా ఒకే కేసెట్ ఎన్నిసార్లు సముద్రం దాటిందో! అందుకే పాతవేవీ మిగల్లేదు. మిగిలింది ఆ ఒక్కటే.

అది ఎందుకు మిగిలిందంటే... 1994లో మామ్మ పోయింది. అప్పటికి వారం ముందే మాట్లాడిన కేసెట్, మస్కట్ వెళ్లే మనిషి చేతికి చేరింది. ఆ మనిషి ప్రయాణం ఏదో కారణంగా ఆలస్యమైంది. దాంతో నాన్నకు టెలిగ్రాం ముందు అందింది, కేసెట్ తర్వాత అందింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయింది, సెలవు దొరకలేదు. దినకార్యానికి కూడా రాలేకపోయారు.

మర్నాటి ఏడాది వచ్చినప్పుడు ఆ కేసెట్‌ను తెచ్చి అమ్మ చేతికిచ్చి, ‘జాగ్రత్త’ అన్నారు. దాని వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులను అప్పటికే విరిచేశారు. కేసెట్లు వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ పలుకులు విరిచేస్తే ఇక రికార్డు బటన్ కిందికి దిగదు. పాడటమే తప్ప చెరపడం కుదరదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. మా ప్రాంతంలో కొబ్బరితోటలు తోటలుగా నేలకొరిగాయి. మా వంటింటి పైకప్పు లేచిపోయింది. అమ్మ ఆ కేసెట్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బియ్యం డ్రమ్ములో దాచి కాపాడింది. అంత తుపానుకు తట్టుకున్న కేసెట్ నాకు మాత్రం తట్టుకోలేకపోయింది.

1997 వేసవి సెలవులు. నాకు తొమ్మిదేళ్లు. రేడియోలో జనరంజని వస్తోంది. నాకు ఇష్టమైన పాట వేస్తారని తెలుసు. ఖాళీ కేసెట్ కనిపించలేదు. పలుకులు విరిచిన చోట కాగితం ఉండచుట్టి కూరితే రికార్డు బటన్ దిగుతుందని పక్కింటి అన్నయ్య అప్పటికే నేర్పాడు. అమ్మ చెరువుకు వెళ్లింది. అంతే! ముందు రేడియో అనౌన్సరులా గొంతు పెట్టి నా పేరు, మా ఊరి పేరు చెప్పి, ఆపైన పాట మొత్తం రికార్డు చేశాను. సాయంత్రానికి భయమేసింది. కాగితం ఉండలు పీకేసి, కేసెట్‌ను ఎక్కడిది అక్కడే పెట్టేశాను.

* * *

పండగ అయిపోయింది. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి, గోదారి దాటి, నర్సాపురంలో రాత్రి రైలు పట్టుకున్నాను. ఒళ్లో బిస్కట్ల డబ్బా. నిద్ర పట్టక ఫోన్లో వార్తలు చూస్తుంటే ఒకటి ఆకట్టుకుంది. వోయేజర్-1 అర్థం లేకుండా మాట్లాడుతోందట!

1977 సెప్టెంబరు 5న అమెరికా ప్రయోగించిన వ్యోమనౌక అది. గురుగ్రహాన్ని, శనిని చూసి, 2012లో సూర్యుడి గాలి వీచే హద్దు కూడా దాటి నక్షత్రాల నడుమ ఉండే చోటుకు చేరింది. మనిషి చేసిన వస్తువుల్లో అంతదూరం వెళ్లింది మరొకటి లేదు. మనకు 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. దానిలోని కంప్యూటర్ల జ్ఞాపకశక్తి మొత్తం కలిపినా మన ఫోన్లో ఒక్క ఫొటోకు చాలదు. అలాంటిది 2023 నవంబరు 14 నుంచి ఒకటే నస పెట్టడం మొదలుపెట్టింది. సంకేతాలైతే వస్తున్నాయి కానీ వాటిలో సమాచారం లేదు. పెద్దాయన మంచం మీద నుంచి ఏదో అంటున్నాడు, ఏమంటున్నాడో ఇంట్లోవాళ్లకు అర్థం కావడం లేదు... అలా ఉంది పరిస్థితి.

ఆ నౌకకు బంగారుపూత పూసిన రాగి రికార్డు ఒకటి బిగించారని చిన్నప్పుడు పుస్తకంలో చదివాను. ఎప్పటికైనా, ఎవరికైనా దొరికితే భూమి మీది మనుషుల గొంతు ఇలా ఉండేదని తెలియడానికట. శాస్త్రవేత్త కార్ల్ సాగన్ ఆధ్వర్యంలో దాన్ని తయారుచేశారు. 55 భాషల్లో పలకరింపులున్నాయి. వాటిలో తెలుగూ ఉంది! కేసర్‌బాయి కేర్కర్ పాడిన హిందుస్థానీ పాట ఉంది. వాన, పక్షులు, రైలు, ముద్దు చప్పుడు కూడా ఉన్నాయి. పిల్లల తరఫున పలకరించింది సాగన్ కొడుకే, అప్పటికి ఆరేళ్ల పిల్లాడు.

ఒళ్లోని డబ్బా వంక చూశాను. వాళ్లు ఆరేళ్ల పిల్లాడి గొంతును బంగారంలో దాచారు. నేను తొమ్మిదేళ్ల పిల్ల గొంతును తీసుకెళ్లి మామ్మ గొంతు మీద పూశాను.

* * *

మా టూ-ఇన్-వన్‌ను కోఠీ గుజరాతీ గల్లీకి మోసుకెళ్లాను. నాలుగు దుకాణాల్లో నవ్వారు. అయిదో దుకాణంలో ఓ పెద్దాయన నవ్వలేదు. మూత విప్పి, లోపల సాగిపోయి వేలాడుతున్న రబ్బరు బెల్టు చూపించారు.

‘‘బెల్టు పోయింది, అంతే. మిషన్ మంచిగనే ఉన్నది. క్యాసెట్ పెట్టంగనే ప్లే కొట్టకు బిడ్డా. ముందుగాల ఆ కొస నుంచి ఈ కొసకు ఒక్కపాలి తిప్పు, మళ్ల ఎనకకు తిప్పు. ఏండ్లసంది చుట్టి ఉన్నది గదా, పొరలు అతుక్కుంటయి’’ అన్నారు.

బెల్టు మార్చి, టేపును తాకే భాగాన్ని స్పిరిట్ అద్దిన దూదితో తుడిచారు. ఆయన పని చేస్తున్నంతసేపూ నా మనసులో ఒకటే ప్రశ్న. చివరికి అడిగేశాను... ‘‘ఒకదాని మీద ఇంకోటి రికార్డయితే, అడుగున ఉన్నది మళ్లీ వస్తుందాండీ?’’

‘‘పలక మీద రాసి, తుడిచి, మళ్ల రాస్తివి. మొదలు రాసింది కనవడతదా? గిదీ గంతే’’ అన్నారు.

కేసెట్‌లో టేపు అంటే ఇనుప ఆక్సైడు పూసిన ప్లాస్టిక్ పట్టీ. మాట్లాడినప్పుడు ఆ శబ్దాన్ని బట్టి దాని మీది రేణువుల్లో అయస్కాంత శక్తి అమరుతుంది. రికార్డు బటన్ నొక్కగానే ముందు ఓ భాగం పాతదాన్ని చెరుపుతూ పోతుంది, దాని పక్కనే ఉన్న మరో భాగం కొత్తదాన్ని రాస్తూ పోతుంది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. నా అనౌన్స్‌మెంటూ, పాటా కలిపి నాలుగున్నర నిమిషాలు. లెక్క కట్టి చూసుకున్నాను. దాదాపు 13 మీటర్ల మామ్మను చెరిపేశాను.

* * *

అయినా ఆ కేసెట్ పెట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. ముందు భక్తిపాటలు ఎక్కించాను, తర్వాత సినిమా పాటలు. ఆఫీసు పని, ఎండలు, పిల్లాడి పరీక్షలు... వంకలకు కొదవా?

ఏప్రిల్ నెలాఖరులో మళ్లీ వోయేజర్ వార్త. బాగుపడింది! ఎలాగో చదివితే ముచ్చటేసింది. దాని కంప్యూటర్లలో ఒకదానిలో ఓ చిప్ చెడిపోయింది. దాంతో ఆ కంప్యూటర్ జ్ఞాపకంలో మూడు శాతం పాడైంది. వెళ్లి మార్చే వీలు లేదు. అందుకని ఆ చిప్‌లో ఉండాల్సిన ఆదేశాలను ముక్కలు చేసి, మిగతా జ్ఞాపకంలో ఎక్కడ చోటుంటే అక్కడ సర్దారు. ఏ ముక్క ఎక్కడుందో మిగతావాటికి తెలిసేలా మార్పులు చేశారు. ఏప్రిల్ 18న మొదటి ముక్కను పంపారు. కాంతి వేగంతో వెళ్లినా చేరడానికి 22 గంటలన్నర, జవాబు రావడానికి మరో 22 గంటలన్నర. ఏప్రిల్ 20న జవాబు వచ్చింది. అయిదు నెలల తర్వాత మొదటిసారి తన ఆరోగ్యం ఎలా ఉందో అర్థమయ్యేలా చెప్పింది. జూన్ నాటికి సైన్సు సమాచారం కూడా పంపడం మొదలుపెట్టింది.

అంతదూరంలో ఉన్నదానితో మాట్లాడటానికి వాళ్లు అంత కష్టపడితే, నేను అలమరాలో ఉన్న కేసెట్‌కు భయపడి తిరుగుతున్నానని సిగ్గేసింది. ఆ రాత్రే ఇంట్లో అందరూ పడుకున్నాక టూ-ఇన్-వన్‌కూ లాప్‌టాప్‌కూ వైరు కలిపి, ప్లే నొక్కాను.

‘‘ఒరే అబ్బాయ్... నేన్రా, అమ్మని. ఇది తిరుగుతోందంటావే అమ్మాయ్? ఆఁ, తిరుగుతోందంట...’’

ముప్పై ఏళ్ల తర్వాత మామ్మ! గేదె ఈనింది, పెయ్యదూడ. కొబ్బరికాయ రేటు పడిపోయింది. కోడలు కూరలో ఉప్పు వేయడం లేదు. నీ కూతురు నోరు తిరగని మాట లేదు. అక్కడ ఎండలంట కదా, నీళ్లు తాగరా. వెనకాల కాకి అరుస్తోంది, ఎవరో బిందె దించారు. ఎ సైడు అరగంటా అలాగే అయిపోయింది. తిప్పి పెట్టాను. బి సైడులో పదకొండో నిమిషం దగ్గర మామ్మ కాసేపు ఆగింది. గొంతు సవరించుకుంది.

‘‘ఇంకో మాటరా అబ్బాయ్...’’

టక్! వెంటనే నా గొంతు, సాగదీస్తూ. ఆపైన పాట. పాట అయ్యేసరికి ‘‘...సరే, ఉంటాన్రా మరి’’ అంటోంది మామ్మ.

ఆ ఒక్క మాటే చెరిపేశానన్నమాట!

* * *

మే నెలలో ఊరెళ్లాను. సాయంత్రం అరుగు మీదే నాన్న పక్కన కూర్చుని ఫోన్లో పెట్టాను. నాన్న కళ్లు మూసుకుని విన్నారు. ఉప్పు మాట దగ్గర నవ్వారు. గుమ్మంలో నిలబడిన అమ్మ ‘‘ఇప్పటికీ వదల్లేదా నన్ను!’’ అంది. పదకొండో నిమిషం వచ్చింది. నా గొంతు వినబడగానే ఫోన్ ఆపేశాను.

‘‘నాన్నా... అది నేనే...’’

‘‘తెలుసమ్మా. తొంభైతొమ్మిదిలో అక్కడ మానేసి వచ్చేసినప్పుడే విన్నాను.’’

‘‘కోపం రాలేదా?’’

‘‘ఎందుకు రాలేదూ! నాలుగు తగిలిద్దామనే లేచాను. నువ్వేమో నన్ను చూస్తేనే తలుపు చాటుకెళ్లి నిలబడేదానివి. పదేళ్లు ఇంట్లో లేని మనిషిని, వస్తూనే కొడితే ఇంకేం దగ్గరకొస్తావు? ఊరుకున్నాను. ఆ పాట దగ్గరకొచ్చేసరికి ఆపేసేవాణ్ని. తర్వాత్తర్వాత ఆపడం మానేశాను.’’

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత అడిగాను... ‘‘మామ్మ ఏమంది నాన్నా అక్కడ?’’

‘‘టార్చిలైటు తెమ్మంది.’’

‘‘అంతేనా?’’

‘‘అంతే. రాత్రిళ్లు పాకలోకి వెళ్తుంటే కళ్లు ఆనడం లేదు, పాములు తిరుగుతున్నాయి, మూడు బ్యాటరీలది తెమ్మంది. మళ్లీ తనే, ధర ఎక్కువైతే వద్దులే అంది. కేసెట్ విన్న మర్నాడే రువీ బజారుకెళ్లి కొన్నాను.’’

పోయిన మనిషికి టార్చిలైటు ఎందుకు కొన్నారని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

నాకు మాత్రం ఒక్కసారిగా అర్థమైంది. మా ఇంట్లో దోమతెర మేకుకు వేలాడుతూ ఉండే స్టీలు టార్చి! కరెంటు పోతే నేను హోంవర్కు చేసుకున్నది దాని వెలుగులోనే. తుపాను రాత్రి పైకప్పు లేచిపోతే, మా ఇద్దరు పిల్లల్నీ మంచం కిందికి తోసి అమ్మ తెల్లవార్లూ పట్టుకుని కూర్చున్నది ఆ టార్చినే. అది మామ్మదని నాకు ఆ రోజు దాకా తెలియదు.

‘‘మళ్లీ ఒక్కసారి చెప్పు నాన్నా’’ అని ఫోన్లో రికార్డు నొక్కాను. మళ్లీ చెప్పారు. ఈసారి మస్కట్‌లో గది, పైమంచం మీద పడుకునే కడప ఆయన, టెలిగ్రాం వచ్చిన రోజు వండుకున్న కూర... అన్నీ వచ్చాయి. అమ్మ మధ్యలో కల్పించుకుని మామ్మ చివరి వారం సంగతులు చెప్పింది, నాన్నకే తెలియనివి. కేసెట్‌లో పోయింది నాలుగున్నర నిమిషాలు. వచ్చింది గంటా పది నిమిషాలు. వోయేజర్‌కు చేసిన వైద్యం లాంటిదే ఇదీ. చెడిపోయిన చోటు చెడిపోయిందే. కానీ అక్కడ ఉండాల్సింది ముక్కలు ముక్కలుగా వేరే చోట్ల దొరికింది... కొంత నాన్న దగ్గర, కొంత అమ్మ దగ్గర.

అయితే ఆ చోట్లకూ గడువు ఉంటుంది. వోయేజర్ కరెంటు ఏటా నాలుగు వాట్ల చొప్పున తగ్గిపోతోంది. ఏదో ఒక రోజు పూర్తిగా మూగబోతుంది. నాన్నకూ ఈమధ్య పేర్లు వెంటనే గుర్తుకు రావడం లేదు.

మీ ఇంట్లోనూ అటక మీద ఓ డబ్బా ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దించండి. కేసెట్ల మీది పలుకులు ముందు విరిచేయండి. బూజు పట్టి ఉంటే పెట్టేయకుండా తెలిసినవాళ్లకు చూపించండి. కంప్యూటర్లోకి ఎక్కించాక ఒక్కచోటే ఉంచకుండా రెండు మూడు చోట్ల దాచండి. ఇక కేసెట్లే లేవంటారా? ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు కదా! రోజూ వాట్సాప్‌లో వచ్చే వాళ్ల మాటల్ని విని వదిలేస్తున్నాం. పాత ఫోను పాడైననాడు అవీ పోతాయి. పక్కన కూర్చుని, ‘ఇంకో మాట చెప్పు’ అని అడగండి చాలు.

బయల్దేరే ముందు ఆ పాటను కంప్యూటర్లో తీసేయనా అని నాన్నను అడిగాను. ‘‘ఉండనీ. మా అమ్మా, నువ్వూ ఇద్దరూ దొరికే చోటు అదొక్కటే కదా’’ అన్నారు.

టార్చికి కొత్త బ్యాటరీలు వేసి చూశాం. వెలగలేదు. బల్బు పోయినట్టుంది. పంటు దగ్గర దింపడానికి వచ్చిన నాన్న, నేను ఎక్కాక రేవులోంచి కేకేశారు.

‘‘కోఠీ వెళ్తే ఆ బల్బు దొరుకుతుందేమో చూడమ్మలూ! ధర ఎక్కువైతే వద్దులే.’’